మగ్గం దగ్గరికి నడిచిన పుస్తకం

పెద్దబాపు పోయిన కబురు నాకు నల్లగొండలో, మా హాస్టల్ ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్‌లో తెలిసింది. బూత్ అతను గేటు దగ్గరికి వచ్చి పిలిస్తే చేతిలో ఉన్న నోట్సుతోనే ఉరికాను. అవతల మా బాపు గొంతు.

"బిడ్డా, పెద్దబాపు పోయిండు. పొద్దుగాల మగ్గం మీదికెళ్లి లేచి, నీళ్లు తాగి, గోడకు ఒరిగిండు. గంతే. ఎల్లి రా."

ఫోను పెట్టేశాక చేతిలోని నోట్సు వైపు చూశాను. డిగ్రీ చివరి ఏడాది రాజనీతి శాస్త్రం. ఆ రోజు చదువుతున్న పాఠం 'సభలో బలనిరూపణ'. ఒక ప్రభుత్వానికి బలం ఉందో లేదో ఎవరు తేల్చాలి, ఎక్కడ తేల్చాలి అన్నది ఆ పాఠం. ఆ ప్రశ్న నాకు పుస్తకంలో కనపడక ముందే, నేను మూడో తరగతిలో ఉండగానే, పెద్దబాపు దగ్గర వినపడింది.

మీలో ఎవరికీ ఆయన తెలియదు. అందుకే కొంచెం చెప్పనివ్వండి.

మా ఊరు రామన్నపేటకు దగ్గర. మా వాడకట్టులో ప్రతి ఇంటి ముందు గదిలో ఒక మగ్గం ఉంటుంది. పెద్దబాపు మా బాపుకు వరుసకు అన్న. మాది పక్కిల్లు. చేనేత సహకార సంఘానికి నేను పుట్టకముందు నుంచీ ఆయనే అధ్యక్షుడు. సంఘం నూలు తెచ్చి నేతగాళ్లకు ఇస్తుంది, నేసిన చీరలు తీసుకుని అమ్ముతుంది. సభ్యులంతా కలిసి పాలకవర్గాన్ని ఎన్నుకుంటారు. సంఘం గదిలో చేతులున్న పెద్ద కర్ర కుర్చీ ఒకటి ఉండేది. అది అధ్యక్షుడిది. పెద్దబాపు దాంట్లో కూర్చోగా నేను చూసింది తక్కువ. "మగ్గం మీద కూసున్న నడుముకు కుర్సీ వశం కాదు" అనేవాడు.

చిన్నప్పుడు ఉర్దూ బడిలో నాలుగు తరగతులు చదివాడు. తెలుగు చదవడం తనంతట తానే, పేపరు చూసి నేర్చుకున్నాడు. రోజూ పొద్దున నన్ను వెంటబెట్టుకుని మూలమీది చాయ్ హోటలుకు పోయేవాడు. హోటలాయన్ని వాడకట్టంతా చాచా అనేది. పేపరు బల్ల మీద పరిచి మేమిద్దరం పంచుకునేవాళ్లం. పెద్దక్షరాలు నావి, చిన్నక్షరాలు ఆయనవి.

ఎనభై నాలుగు ఆగస్టులో ఒక పొద్దున పెద్దక్షరాల్లో నాకు నోరు తిరగని మాట వచ్చింది. కూడబలుక్కుని చదివాను. బర్తరఫ్.

"అంటే ఏంది పెద్దబాపూ?"

"కుర్సీలకెళ్లి లేపి బయటికి పంపుడు. ఉర్దూ మాట. మన దిక్కు మాటనే."

"ఎవల్ని పంపిండ్రు?"

"ముఖ్యమంత్రిని."

"ఎవలు?"

"గవర్నరు."

"గవర్నరును ఎవలు గెలిపిచ్చిండ్రు?"

చాచా చాయ్ వడపోస్తూ పకపకా నవ్వాడు. "అరె అధ్యక్షుడా! గీ పోరికి జవాబియ్యి జర. నీతోని అయితదా?"

"గవర్నరును ఎవలు గెలిపియ్యరు బిడ్డా. ఢిల్లీ నుంచి పంపుతరు."

"మరి గెలిచినాయనను గెలవనాయన ఎట్ల పంపుతడు?"

తెలియని దానికి తెలిసినట్టు చెప్పే అలవాటు పెద్దబాపుకు లేదు. చిన్నక్షరాలన్నీ చదివాడు. చాయ్ చల్లారిపోయింది. చదివాక ఆయన ముఖం ఎర్రబడింది.

"ఇంకొకాయన పోయి నా ఎనక ఇంత మంది ఉన్నరన్నడట. గవర్నరు నమ్మిండట. గట్ల గాదు బిడ్డా. కాయితం మీద సంతకాలు ఎవడన్న తెస్తడు. సభ పిలువాలె. అందరు ఒక్కకాడ కూసోవాలె. నలుగురి ముందట ఎత్తిన చెయ్యే లెక్క."

ఆ నెలంతా మా వాడకట్టులో, మగ్గాల మీద అటూ ఇటూ ఉరికే నాడె చప్పుడు కంటే రేడియో చప్పుడే ఎక్కువ. ఎమ్మెల్యేలు రైలెక్కి ఢిల్లీ పోయారు. మేము ఎదురుచూశాం. నెల తిరిగేసరికి ఆ ముఖ్యమంత్రే మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు. చాచా పిల్లలందరికీ బిస్కెట్లు పంచాడు. నేను మాత్రం నా నోటుపుస్తకంలో బర్తరఫ్, సభ, బలం అని మూడు మాటలు రాసుకున్నాను. నేను దాచుకున్న మొదటి మాటలు అవే. ఆ పుస్తకం ఇప్పటికీ ఉంది.

ఇప్పుడు మా వాడకట్టు అలవాటు ఒకటి చెప్పాలి. అది తెలియకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

సంఘం సభ్యులంతా ఏడాదికోసారి సర్వసభ్య సమావేశంలో కూర్చోవాలని సంఘం నిబంధన. కానీ నేతగాడు మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్నాక లేవడం ఇష్టపడడు. మా దగ్గర నేసేది చిటికి చీరలు. పోగుకు ముందే ముడులు వేసి రంగు అద్దుతారు, నేసేటప్పుడు పువ్వు అంచుకు అంచు కలవాలి. మధ్యలో లేస్తే చెయ్యి మారుతుంది, మళ్లీ కుదరడానికి పొద్దు పోతుంది. అందుకని సభ్యులు సమావేశానికి రాకుండా, సమావేశమే సభ్యుల దగ్గరికి పోయేది. పెద్దబాపు తీర్మానాల పుస్తకాన్ని పాత చీరముక్కలో చుట్టి, స్టాంపు ప్యాడు సబ్బుడబ్బాలో పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవాడు. గుంట అంచున గొంతుక్కూర్చుని, "వేలు ఇటియ్యి తమ్మీ" అనేవాడు. నేతగాడు కాలు తొక్కుడుకర్ర మీంచి తియ్యకుండానే ఎడమచెయ్యి చాపేవాడు. ముద్ర పడ్డాక ఆ బొటనవేలిని పెద్దబాపే తన తువ్వాలతో శుభ్రంగా తుడిచేవాడు, చీరకు సిరా అంటకూడదని.

"ఏం రాసినవన్నా?"

"నిరుడు లెక్కనే."

"మంచిగున్నది. నూలు ఎప్పుడొస్తది?"

సమావేశం అయిపోయేది.

దీన్ని ఎవరూ తప్పనుకోలేదు. దయ అనుకున్నారు. నిజంగా దయే. ఆయన తువ్వాల మీద ఊరందరి వేళ్ల మరకలు ఉండేవి.

నేను ఇంటర్ రెండో ఏడాదిలో ఉండగా సెలవులకు ఇంటికి వచ్చాను. పాత తీర్మానాల పుస్తకం చినిగిపోతోందని, నా రాత గుండ్రంగా ఉంటుందని, కొత్త పుస్తకంలోకి ఎక్కించమన్నాడు పెద్దబాపు. మాటల పిచ్చి అప్పటికి నాకు బాగా ముదిరింది. ఆయన మగ్గం పక్కనే చాప వేసుకుని రాస్తుంటే ఒక్కో వాక్యం తీపిగా అనిపించేది. 'సుదీర్ఘంగా చర్చించిన మీదట సభ్యులు ఏకగ్రీవంగా తీర్మానించడమైనది.' పైకి చదువుకుని మురిసిపోయాను. ఏడేళ్ల సమావేశాలు ఎక్కించాక అడిగాను.

"పెద్దబాపూ, గీ సుదీర్ఘ చర్చల ఎవలేం మాట్లాడిండ్రు? ఒక్కల మాటన్న రాయలేదేంది?"

నాడె ఆగింది.

నేను ఆయన తప్పు పట్టాలని అడగలేదు. పుస్తకం ఇల్లిల్లూ తిరగడం చిన్నప్పటి నుంచి చూసినదాన్నే. కానీ చూసినది ఒకటి, రాసినది ఒకటి అన్న సంగతి అప్పటిదాకా నాకు తట్టలేదు. నిజంగానే ఆ చర్చ వినాలనిపించి అడిగాను. అడిగాక తట్టింది. ఆయనకూ అప్పుడే తట్టిందని ముఖం చూస్తే తెలిసింది.

నాడెను పక్కన పెట్టి అన్నాడు, "హోటల్ల నీకు జెప్పిన మాట యాదికున్నదా?"

"నలుగురి ముందట ఎత్తిన చెయ్యే లెక్క."

"నోటికి జెప్పిన. చేతికి జెప్పలే." మళ్లీ నాడె విసిరాడు.

ఆ ఎండాకాలం మొదట్లో పేపర్లో మరో వార్త వచ్చింది. ప్రభుత్వానికి బలం ఉందా లేదా అన్నది తేలాల్సింది సభలోనేనని ఢిల్లీలో పెద్ద కోర్టు చెప్పింది. పెద్దబాపు ఆ పేపరు చాచాను అడిగి తెచ్చుకుని, మడిచి, మగ్గం పైన దూలంలో పెట్టుకున్నాడు. ఎందుకని అడిగితే, "సల్లగుంటది" అన్నాడు. చల్లగా ఉండేది ఆయన మనసని నాకు అప్పుడు అర్థం కాలేదు.

కొన్ని వారాలకు సంఘం మీద ఆకాశరామన్న ఉత్తరం ఒకటి పైఅధికారులకు చేరింది. సర్వసభ్య సమావేశాలు జరగడం లేదని. విచారణకు సోమవారం అధికారి వస్తాడని కబురు. సమావేశం జరగలేదని తేలితే పాలకవర్గం రద్దవుతుంది. బయటి నుంచి ఒక ఉద్యోగిని పర్సన్ ఇన్‌చార్జిగా పెడతారు. మళ్లీ ఓటు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. పక్క ఊళ్ల సంఘాల్లో అట్లా ఏళ్లకు ఏళ్లు గడిచిపోయాయి.

ఆదివారం సాయంత్రం వాడకట్టంతా పెద్దబాపు అరుగు ముందు చేరింది.

"అన్నా, జరిగిందని చెప్పు" అన్నాడు మా బాపు. "మేమందరం జరిగిందనే అంటం. ఇంత మంది అన్నంక ఆయన మాత్రం ఏం జేస్తడు?"

నేతగాళ్లకు నూలు కండెలు చుట్టి ఇచ్చే అవ్వ ముందుకొచ్చింది. భర్త పోయాక ఆయన సభ్యత్వం ఈమెకు వచ్చింది. వాడకట్టులో అందరి కంటే పెద్దనోరు ఆమెదే. "ఒక్క మాట! నోట్లకెళ్లి ఒక్క మాట తీస్తే సంఘం నిలుస్తది. నీకేం ఫికరయ్యా? ముద్రలు దొంగవా? నా వేలు నేనే పెట్టిన."

"ముద్రలు దొంగవి గావు అవ్వా."

"మరింకేంది?"

ఆయన తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. ఆ చర్చల్లో ఎవరేం మాట్లాడారన్న ప్రశ్న వేసింది నేనే కదా. గోడ అవతల నిలబడి, ఎట్లాగైనా అవునని చెప్పు పెద్దబాపూ అని మనసులో అనుకున్నాను. రాజనీతి శాస్త్రం చదవాలనుకునే పిల్లను నేను. అట్లా అనుకున్నానని ఇప్పుడు మీకు చెప్పక తప్పదు.

సోమవారం అధికారి సంఘం గదిలో కూర్చుని పుస్తకం తెరిచాడు. కిటికీ నిండా తలలే.

"ఈ సమావేశం జరిగిందా?"

"లేదు సారు."

"మరి ఈ వేలిముద్రలు?"

"అవి నిజమే. సభనే అబద్ధం. నేనే ఇల్లిల్లు తిరిగి పెట్టిచ్చిన. గుంటలకెళ్లి లేపుడెందుకని. మంచే జేస్తున్న అనుకున్న."

అధికారి కలం ఎత్తి పట్టుకున్నాడు. మెత్తగా అన్నాడు, "పెద్దాయనా, ఇది రాశానంటే మీ పాలకవర్గం పోతుంది. ఆలోచించుకోండి."

"ఎరుకే సారు. ఇప్పుడు జరిగిందంటే మల్ల ఎన్నడు జరుగది. రాయుండ్రి."

రాశాడు. నెల లోపల పాలకవర్గం రద్దయింది.

వాడకట్టు ఆయన్ని క్షమించలేదు. మా బాపు కొన్ని నెలలు ముఖం చాటేశాడు. అవ్వ కండెలు అందరికీ చుట్టాకే ఆయనకు చుట్టేది. "నిజంతోని నేసుకొమ్మను" అనేది, ఆయనకు వినపడేటట్టు. నేను ఒకసారి ఏడుస్తూ, నా వల్లనే ఇదంతా అన్నాను. ఆయన విసుక్కున్నాడు. "నువ్వడిగినవు. మంచిగడిగినవు. జవాబు నాది. నా జవాబు నువ్వు ఎత్తుకపోతవా?"

పర్సన్ ఇన్‌చార్జిగా వచ్చినాయన చెడ్డవాడు కాదు. మర్యాదస్తుడు. వారానికోసారి వచ్చేవాడు, సంతకాలు చేసి బస్సు వేళకు పోయేవాడు. నూలు ఆలస్యమైతే పైకి రాశానండి అనేవాడు. ఒకరోజు అవ్వ ఆయన్ని తిట్టడానికి కొంగు బిగించి పోయి, ఊరికే తిరిగొచ్చింది.

"ఏమైంది అవ్వా?"

"ఏమైతది? గాయనను తిడ్తే ఏమొస్తది? మనం పెట్టినోడు కాదాయె. తిట్టనీకె గూడ మనోడు ఉండాలెగదనే."

ప్రజాస్వామ్యం మీద నేను చాలా నిర్వచనాలు కంఠతా పట్టాను. పరీక్షల్లో రాశాను. ఈ మాట మాత్రం ఎక్కడా రాయలేకపోయాను, ఇదిగో ఇక్కడ రాస్తున్నాను.

పెద్దబాపు ఎన్నికల కోసం దరఖాస్తులు మొదలుపెట్టాడు. నెలకొకటి. నేను సెలవుల్లో వచ్చినప్పుడు నాతో రాయించేవాడు. మొదటిసారి నేను గొప్పగా, 'దయతలచి మా సంఘానికి ఎన్నికలు జరిపించవలసిందిగా' అని రాశాను. 'దయతలచి' మీద వేలు పెట్టాడు.

"గీ మాట తీసెయ్యి."

"మర్యాద కదా పెద్దబాపూ."

"దయ మనం జూసినం గద. సబ్బుడబ్బల పెట్టుకోని ఇల్లిల్లు తిరిగినం. ఓటు దయ గాదు. నిబంధన ఏ నంబరో అది రాయి."

ఇంకో సంగతి. ఆ దరఖాస్తు మీద సంతకాలకు ఆయన ఎవరింటికీ పోలేదు. మా దగ్గర అమాస నాడు మగ్గాలు ఆపుతారు. ప్రతి అమాసకూ చాచా హోటలు బల్ల మీద దరఖాస్తు పెట్టుకుని కూర్చునేవాడు. వచ్చినవాళ్లకు పైకి చదివి వినిపించి, "ఏమన్న మార్చాల్నా?" అని అడిగేవాడు. మొదటి అమాసకు ముగ్గురు వచ్చారు. ముగ్గురూ చాయ్ కోసం వచ్చినవాళ్లే.

"పోయి అడుగరాదు?" అన్నాడు చాచా. "గంట పని."

"గా గంట పనికే గీ గతి వట్టింది."

రెండో అమాసకు ఐదుగురు. ఎప్పటికో మా బాపు కూడా వచ్చి, ఎవరి ముఖమూ చూడకుండా, "నూలు సంగతి గూడ రాయుండ్రి" అన్నాడు. పెద్దబాపు అంతే మామూలుగా, "ఎట్ల రాయమంటవో చెప్పు" అన్నాడు. ఆరునెలలు పొడిగించినట్టు పైనుంచి కాగితం వచ్చేది. మళ్లీ ఆరునెలలు. చాచా బల్ల చుట్టూ మనుషులు మాత్రం పెరిగారు. దరఖాస్తులో ఒక మాట కోసం పెద్దవాళ్లు కొట్లాడుకోవడం నేను మొదటిసారి అక్కడే చూశాను. నాకైతే పండగలా ఉండేది.

రెండేళ్లు దాటాక ఎన్నికల ఉత్తర్వు వచ్చింది.

ఎన్నికల రోజు నేను హాస్టల్లో సెలవు చీటీ పెట్టి వచ్చాను. పనిరోజు, మధ్యాహ్నం. నేను పుట్టినప్పటి నుంచి పనిరోజున మా వాడకట్టు మూగబోవడం ఎరగను. ఒక్కొక్క ఇంట్లోంచి నాడె చప్పుడు ఆగిపోతూ వచ్చింది. ఆఖరిది మా బాపుది. అది కూడా ఆగాక పిచ్చుకల అరుపు వినపడింది.

సమావేశం మూడు గంటలు జరిగింది. ఉతికితే చీరల ఎర్రరంగు ఎందుకు దిగుతోందని అవ్వ పర్సన్ ఇన్‌చార్జినీ పెద్దబాపునూ కలిపి నిలదీసింది. ఎవరో లేచి, ముసలోళ్లు ఇంక చాలన్నారు. ఎవరో అరిచారు, ఎవరో అలిగి బయటికి పోయి తిరిగొచ్చారు. తర్వాత చీట్లతో ఓట్లేశారు. పెద్దబాపు అధ్యక్షుడిగా నిలబడ్డాడు, ఓడిపోయాడు. గెలిచింది ఆయన దగ్గరే నేత నేర్చుకున్న ఒక పడుచువాడు.

ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుంటూ నన్ను అడిగాడు, "ఎర్రరంగు లొల్లి రాసిండ్రా పుస్తకంల?"

"రాసిండ్రు పెద్దబాపూ. అవ్వ పేరు గూడ."

"నేను ఓడింది?"

"రాసిండ్రు."

తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. ఆ తువ్వాల మీద మరకలు అప్పటికి వెలిసిపోయాయి. "మంచిగ రాసిండ్రు. జరిగింది గద" అన్నాడు. అంత హాయిగా ఆయన నవ్వగా నేను అంతకు ముందు చూడలేదు. మరునాటి నుంచి అవ్వ కండెలు మొదట ఆయనకే చుట్టి పంపింది.

అది జరిగి ఏడాది కూడా కాలేదు.

దినాలు అయ్యాక సంఘంలో సంతాప సమావేశం పెట్టారు. మళ్లీ మగ్గాలు ఆగాయి. తీర్మానం రాసే పని నాకు అప్పగించారు. పెద్ద పెద్ద మాటలు చాలా గుర్తొచ్చాయి, వేటినీ రాయలేదు. 'ఈయన మాకు సమావేశం తిరిగి ఇచ్చినాడు' అని రాశాను. మా బాపు లేచి, "ఇచ్చుడు గాదు. మనతోని తెప్పిచ్చిండు. గట్ల మార్చు" అన్నాడు. చేతులెత్తారు. మార్చాను.

సంతకాలూ ముద్రలూ అయ్యాయి. ఒక్క అవ్వది మిగిలింది. చలికి మోకాళ్లు పట్టేసి నెల నుంచీ ఆమె గడప దాటలేదు. కొత్త అధ్యక్షుడు స్టాంపు ప్యాడు చేతిలోకి తీసుకుని, పుస్తకం చంకన పెట్టుకుని లేచాడు.

"అవ్వ రాలేదు. నేనే పోయి వేలు పెట్టిచ్చుకొస్త."

పోయినవాడు పోయినట్టే తిరిగొచ్చాడు. ముఖం చిన్నబోయింది.

"ఏమన్నది?" అన్నాడు చాచా. సభ్యుడు కాకపోయినా ఆయన తలుపు దగ్గర నిలబడే ఉన్నాడు.

"పుస్తకం నా గడప తొక్కితే కాళ్లిరగ్గొడ్త అన్నది. కుర్సీ పంపుమన్నది."

సంఘంలో చేతులున్న కుర్చీ ఒక్కటే. అధ్యక్షుడిది. నలుగురు దాన్ని ఎత్తుకుని పోయారు. మేము పుస్తకం బల్ల మీద తెరిచిపెట్టి, స్టాంపు ప్యాడు మూత తీసి, తలుపు వైపు చూస్తూ కూర్చున్నాం. గాలికి కాగితం లేస్తుంటే కొత్త అధ్యక్షుడు అరచేతితో ఒత్తిపట్టుకుని నిలబడ్డాడు. చప్పుడు లేని వాడకట్టు చివర, నలుగురి భుజాల మీద కుర్చీ ఊగుతూ కనపడింది. అందులో అవ్వ, ఒక చేత్తో కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుని, ఎడమచేతి బొటనవేలిని కొంగుతో తుడుచుకుంటూ.